చెయ్యి కనపడని గోడ

ఆ ఇంగ్లీషు కాగితంలో గోడల గురించి నాలుగు వాక్యాలు ఉండేవి. మా నాయనకు నేను వాటిలో మొదటి రెండే చదివి చెప్పాను. అందులోనూ రెండోదాన్ని తిప్పి చెప్పాను. తక్కిన రెండూ అర్థం కాక వదిలేయలేదు. నాలుగూ నాకు బాగా అర్థమయ్యాయి. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో తరగతి నుంచి రోజూ రాసుకుంటున్న డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీలో "నాయనకు హోటలు కాగితం చదివి పెట్టాను. మబ్బు పట్టింది గానీ వాన రాలేదు" అని ఉంది, అంతే.

మాది పుంగనూరు. మా నాయన తాపీ మేస్త్రీ. అయితే ఆ పేరు వినగానే ఇప్పుడు ఎవరికైనా తోచే పని కాదు ఆయన నేర్చుకున్నది. ఆయన చేతికి వచ్చిన విద్య సున్నపు గచ్చు. వారాల తరబడి నీళ్ళలో నానిన సున్నాన్ని మెత్తటి ఇసుకతో కలిపి నూరాలి. బెల్లం, కరక్కాయలు ఊరిన నీళ్ళు పోయాలి. గోడకు పలచగా పొర మీద పొర ఎక్కించాలి. చివరి పొరలో కోడిగుడ్డు తెల్లసొన పడుతుంది. అది పూర్తిగా ఆరకముందే నున్నటి గుండ్రాయి తీసుకుని రుద్దడం మొదలుపెడతారు. గోడ మెరుపెక్కేదాకా రుద్దుతూనే ఉంటారు. అట్లా చేసిన గోడ ఎండాకాలంలో కూడా కుండలా చల్లగా ఉంటుంది. దగ్గరికి పోతే అందులో మన నీడ కదులుతుంది.

నేను పుట్టేనాటికే ఆ పని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. తొంభైలలో, నాకు ఊహ తెలిసేసరికి, పుంగనూరులో గానీ పెద్దపంజాణి వైపు పల్లెల్లో గానీ ఎవరు ఇల్లు కట్టినా సిమెంటే. ఆయన కూడా సిమెంటు పనికే పోయేవాడు. దాని మీద ఆయనకున్న ఫిర్యాదు ఒకటే. "గంటలో బిగుసుకుంటాది. చేతికి ఆలోచన చేసుకునే టైమే ఇయ్యదు."

ఆయన నోట తరచూ వచ్చే మాట ఇంకొకటి ఉండేది. గోడ పూర్తయ్యాక కిటికీ పక్కన చేరి, వెలుతురు ఏటవాలుగా పడేచోట కన్ను పెట్టి చూసేవాడు. తాపీ గీత గానీ, అరచేయి నొక్కుకున్న గుంట గానీ ఎక్కడైనా తేలితే "చెయ్యి కనపడతాండాది" అనేవాడు. తోటి మేస్త్రీల గురించి ఆయన అనగల పెద్ద తిట్టు అదే. "ఆయప్ప గోడలో చెయ్యి కనపడతాది" అన్నాడంటే ఇక ఆ మనిషి పని గురించి మాట్లాడుకోవడానికి ఏమీ లేదని. ఇంట్లో దోసె వంకరగా వచ్చినా వదిలేవాడు కాదు.

"ఏమ్మే, దోసెలో చెయ్యి కనపడతాండాదే."

"కనపడనీ. ఆ చేత్తోనే ఇంకోటి పోస్తాండా, మాట్లాడకుండా తిను" అనేది మా అమ్మ.

నేను మదనపల్లెలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు, రెండువేలు దాటిన కొత్తల్లో, ఆ ఊరి బెంగుళూరు రోడ్డులో ఒకాయన హోటలు కట్టడం మొదలుపెట్టాడు. బి.కొత్తకోట వైపు రైతుల కుటుంబం. చాలా ఏళ్ళు సరుకు ఓడల్లో వంటవాడిగా పనిచేసి వచ్చాడు. ఆ ఓడల్లో పై ఆఫీసర్లంతా గ్రీకువాళ్ళట. వాళ్ళకు వండి వండి, వాళ్ళ ఓడరేవుల్లో దిగి తిరిగి తిరిగి, ఆయన మనసు అక్కడే ఉండిపోయింది. శని ఆదివారాలు కార్లేసుకుని చల్లగాలి కోసం మా వైపు కొండకు వచ్చే బెంగుళూరు వాళ్ళ కోసం గ్రీకు హోటలు పెడతానన్నాడు. ఊళ్ళో నవ్వుకున్నారు. మా అమ్మ కూడా నవ్వింది.

"గ్రీకోళ్ళు ఏం తింటారంట?" అని నన్ను అడిగింది.

నాకు తెలిసింది చెప్పాను. నిప్పుల మీద కాల్చిన మాంసం, రొట్టె, దోసకాయ తురిమి కలిపిన పెరుగు.

"పెరుగుపచ్చడి తినేదానికి బెంగుళూరు నుంచి కార్లో వస్తారా? మనింటికి రమ్మను, ఊరకనే పెడతా."

ఆ హోటలు లోపలి రూపమంతా గీసినది బెంగుళూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. నాకంటే ఐదారేళ్ళు పెద్దదేమో. గోడలకు రంగు వేయడానికి వీల్లేదని, అచ్చమైన సున్నమే కావాలని ఆమె పట్టుబట్టింది. సున్నం పని తెలిసిన మనిషి కోసం హోటలాయన వెతుక్కుంటూ పుంగనూరు దాకా వచ్చాడు. మా ఇంటి ముందు జీపు ఆగినప్పుడు మా నాయన గడప మీద కూర్చుని కాళ్ళకు అంటిన సిమెంటు గోక్కుంటున్నాడు.

"సిమెంటు గోడ మీద సున్నం కొట్టేదా అన్నా?" అని అడిగాడు.

"కొట్టేది కాదు మేస్త్రీ. పూతంతా సున్నమే. హాలు మొత్తం, నాలుగు గోడలూ."

"సున్నమేనా?"

"సున్నమే అంటాండా కదప్పా. ఎన్ని తూర్లు చెప్పాల?"

పోతూ పోతూ ఆయన రెండు కాగితాలూ, ఒక కట్ట ఫోటోలూ ఇచ్చి, "మీ పాప చదువుకుంటాండాదంట కదా, చదివిచ్చుకో" అన్నాడు. జీపు మలుపు తిరిగాక మా నాయన లోపలికి పోయి అటక మీది గోనెసంచి దించాడు. దాంట్లోంచి గుండ్రాయి తీసి చీరముక్కతో తుడిచాడు.

నేను మాటలు తక్కువ మనిషిని. ఇంట్లో కూడా అడిగినదానికి జవాబు చెప్పడమే గానీ నాలుగు మాటలు కలిపి చెప్పింది లేదు. అయితే ఆ ఆదివారం పొద్దున గంటసేపు మాట్లాడాను. లైబ్రరీ నుంచి తెచ్చుకుని దాచుకుని చదివిన పుస్తకాలన్నీ ఒకరికి పనికివచ్చిన మొదటి రోజు అది. గ్రీకు దేశం ఎక్కడుందో చెప్పాను. సముద్రంలో చిన్న చిన్న దీవులనీ, ఎండకు తట్టుకోవడానికి ఇళ్ళకు ఏటేటా సున్నం వేస్తారనీ చెప్పాను. ఆయన ఫోటోలు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఇది అరుగే కదా?"

గోడలోనే కట్టిన కూర్చునే దిమ్మెలవి. అరుగే అన్నాను.

"ఇవి గూళ్ళు. దీపం పెట్టేవి. పైన దూలాలు, వాటి మీద తడిక. తలుపులకు నీలం యాల పూసినారు మా?"

"ఏమో నాయినా. వాళ్ళకు సముద్రం ఉండాది కదా."

"మనం సున్నంలో నీలిమందు ఏస్తామే, అది మిగిలినట్టుండాది, తలుపులకు పూసేసినారు." ఆయన చాలా రోజుల తర్వాత పైకి నవ్వాడు. "వీళ్ళు మనోళ్ళే."

ఆ తర్వాత కాగితం చదవడం మొదలుపెట్టాను. దూలాలకు వేయాల్సిన నూనె, తాడుతో అల్లిన దీపాల బుట్టలు వేలాడాల్సిన ఎత్తు, కుప్పం నుంచి రావాల్సిన గ్రానైటు బల్లల కొలతలు, అన్నీ చెప్పాను. గోడల దగ్గరికి వచ్చాం. మొదటి వాక్యం: అసలైన సున్నమే వాడాలి, రంగు వద్దు. అది చదివాను. రెండో వాక్యం: గోడ మీద చెయ్యి కనిపించాలి. మూడు: మట్టం చూడవద్దు, ఎత్తుపల్లాలు అట్లాగే వదిలేయండి. నాలుగు: మెరుగు పెట్టవద్దు.

రెండో వాక్యం దగ్గర నా నోరు ఆగింది. ఆయన చేతిలో గుండ్రాయి ఉంది. అరచేతుల మధ్య దాన్ని అటూ ఇటూ దొర్లిస్తూ వింటున్నాడు.

"చేతి పనితనం కనపడాలంట" అన్నాను.

ఆయన నిటారుగా కూర్చున్నాడు. "అట్ల రాసిండాదా?"

"ఊ."

"యాడ? సూపీ."

వేలు పెట్టి చూపించాను. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అయినా ఆ వరుస మీద చాలాసేపు చూపు నిలిపాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఏమ్మే, ఇన్యావా? బెంగుళూర్లో గూడా పని తెలిసినోళ్ళు ఉండారు" అని కేకేశాడు.

"ఉంటే ఉండనీలే, ముందు సద్ది తాగు" అంది మా అమ్మ.

నేను కాగితం మడిచేశాను.

భయపడి చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. గుంటలూ గీతలూ వదిలి గోడ పూయమని ఆయనతో చెప్పడం, ఆయన జీవితమంతా తిట్టుగా వాడిన మాటను ఆయన మీదికే విసరడం, నావల్ల కాలేదని. అది నిజమే గానీ సగం నిజం. ఆ మెరిసే గోడ నాకూ కావాలనిపించింది. ఆయన అట్లాంటి గోడ చేస్తుండగా నేను బుద్ధెరిగి ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన చేతుల్లో ఏముందో ఈ ఒక్కసారైనా చూడాలనుకున్నాను.

పని సాగినన్నాళ్ళు సాయంత్రం కాలేజీ వదలగానే ఆ హోటలు దగ్గర దిగి, మా నాయన, అమ్మలతో కలిసి పుంగనూరు బస్సెక్కేదాన్ని. అమ్మ సున్నం నూరేది, తెల్లసొన వేరు చేసేది. మిగిలిన పచ్చసొనలన్నీ అక్కడి వడ్రంగులకు అట్టు పోసి పెట్టేది. "మీ ఆయన గోడ పుణ్యాన ఒళ్ళు చేస్తాండాం అక్కా" అనేవాళ్ళు వాళ్ళు.

హాలు ఒక్కో వారం ఒక్కో తీరున మారింది. మొదట అరుగులు లేచాయి. అరుగుల వెనక గోడలో గుండ్రటి తల గూళ్ళు, ఒక్కో గూటిలో ఒక మట్టి కూజా. పడమటి వైపు రెండు పెద్ద కిటికీలకు నీలం చెక్కలు. తడిక సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా కిందికి దిగేది. కుప్పం నుంచి వచ్చిన గ్రానైటు బల్లలు గోనెపట్టాల కింద పడుకుని ఉండేవి. ఆ అమ్మాయి గీసిన బొమ్మలో నిజంగా ప్రాణముంది. ఒక మనిషి ఎండలోంచి లోపలికి వచ్చి, కళ్ళు స్థిమితపడేదాకా గడప దగ్గర నిలబడి, ఆ తర్వాత నెమ్మదిగా అరుగు మీద కూర్చోవడం ఆమె ముందే ఊహించుకుంది. గోడలు గరుగ్గా ఎందుకు ఉండాలో కూడా ఆ హాల్లో నిలబడ్డప్పుడే నాకు తెలిసివచ్చింది. గరుకు గోడ వెలుతురును తాగేస్తుంది. నున్నటి గోడ తిప్పి కొడుతుంది. తెలిసి కూడా ఊరుకున్నాను.

ఉత్తరపు గోడకు ఆయన మెరుగు పెట్టిన రోజు నాకు కాలేజీ లేదు. పొద్దున్నే మొదలుపెట్టాడు. పైనుంచి కిందికి, అరచేతి మేర చొప్పున, రాయి తిప్పుతూ వచ్చాడు. ఆయన భుజం కదలడం లేదు, మణికట్టు మాత్రమే కదులుతోంది. సున్నం మొదట పాల మీగడలా ఉంది. తర్వాత ఉడికించి వలిచిన గుడ్డులా అయింది. మధ్యాహ్నానికి ఎదురుగా ఉన్న నీలం కిటికీ ఆ గోడలో లీలగా కనపడింది. అన్నం కూడా నిలబడే తిన్నాడు. హోటలాయన వచ్చి గోడ ముందు నిలబడి జుట్టు సవరించుకున్నాడు.

"ఏం మేస్త్రీ, ఇంక నా హోటలుకు అద్దాలు అక్కర్లేదే!"

"దువ్వెన తెచ్చుకో అన్నా" అన్నాడు మా నాయన, చేతులు ఆపకుండానే.

ఆయన హాస్యమాడగా నేను విన్నది చాలా తక్కువ. ఆ సాయంత్రం బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, తన కుడి అరచేయి తెరిచి చూసుకుని మళ్ళీ మూసుకున్నాడు.

చెప్పడానికి అప్పటికీ మించిపోలేదు. మూడు గోడలు మిగిలే ఉన్నాయి. కాగితం అడుగున ఆ అమ్మాయి ఫోను నంబరు ఉంది. కాలేజీ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకు రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి ఎవరో మాట్లాడుతుంటే వెనక్కి వచ్చేశాను. రెండోసారి బూతు ఖాళీగా ఉంది. రిసీవరు తీసి చెవి దగ్గర పెట్టుకుని, ఇంగ్లీషులో చెప్పాలా తెలుగులో చెప్పాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. బూతు ఆమె అద్దం మీద తట్టి "చేస్తావా లేదా పాపా?" అంది. పెట్టేసి వచ్చాను. కొత్త మనిషితో ఫోనులో మాట్లాడడానికి సిగ్గుపడి, మా నాయన నాలుగు గోడలూ పూర్తి చేసేదాకా ఊరుకున్నాను. ఎట్లా తిప్పి చెప్పినా ఇంతకంటే మరోలా చెప్పలేను.

ఆ అమ్మాయి నెల దాటాక వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టి ఆగిపోయింది. తాడు బుట్టల్లో దీపాలు వెలిగించి ఉన్నాయి. ప్రతి దీపమూ నాలుగు గోడల్లో మళ్ళీ వెలుగుతోంది. ఆమె నెమ్మదిగా నడిచి ఉత్తరపు గోడ మీద అరచేయి ఆనించింది. ముందు ఆమె ముఖంలో కనిపించింది కోపం కాదు. అది నాకు స్పష్టంగా గుర్తుంది. ఆమె ఆ చేయి వెంటనే తీయలేకపోయింది.

"చాలా బ్యూటిఫుల్‌గా చేసినారు మేస్త్రీ" అంది, కన్నడం కలిసిన తెలుగులో. "ఇంత చక్కంది నేను యెక్కడా నోడలేదు. కానీ ఇది కాదు నేను అడిగింది."

మా నాయన నవ్వుతూనే ఉన్నాడు. ఆఖరి మాట ఆయనకు ఇంకా చేరలేదు.

"రఫ్‌గా కావాలి. ఉబ్బు తగ్గులతో. మెరుగు వద్దని రాసినాను కదా. షీట్ చదివినారా?"

"చదివినాం మేడం. నా కూతురు చదివి చెప్పింది."

ఇద్దరూ నా వైపు చూశారు. హోటలాయన కూడా చూశాడు. నా భుజానికి కాలేజీ సంచి ఉంది. దాని పట్టీని రెండు చేతులతో పట్టుకున్నాను. చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చింది. వచ్చింది, అక్కడే ఉండిపోయింది. మా అమ్మ సున్నం చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"పాప సరిగానే చెప్పిందిలే మేడం" అన్నాడు మా నాయన. "నేనే సరిగ్గా ఇనలేదేమో. పని దొరికిందన్న సంబరంలో ఉండాను."

ఆయన నిజంగానే అట్లా అనుకున్నాడా, నా ముఖం చూసి గ్రహించి అన్నాడా, నాకు ఈ రోజుకీ తెలియదు.

హోటలాయన చెడ్డవాడు కాదు. కాసేపు తల గోక్కున్నాడు. ఆమె ఏదో ఇంగ్లీషులో చెప్పాక ఆయనా ఆమె కళ్ళతో ఆ గోడలు చూసినట్టున్నాడు. "నిజమే మేస్త్రీ. లైట్లేస్తే బాత్రూములాగుండాది. వచ్చినోళ్ళ కళ్ళకు గుచ్చుకుంటాది" అన్నాడు. కొన్ని వారాల ముందు అదే గోడలో జుట్టు సవరించుకున్న మనిషి.

నున్నటి పూత మీద కొత్త పూత నిలవదు. పట్టు దొరకాలంటే ముందున్నదంతా గంట్లు పెట్టాలి. సిమెంటు పనివాళ్ళను పిలుస్తానన్నాడు హోటలాయన. మా నాయన వద్దన్నాడు. "నేనే కొడతాలే అన్నా. వాళ్ళకు తెలీదు, లోపల ఇటికెదాకా దించేస్తారు." మూడు రోజులు ఉలి, సుత్తి పట్టుకుని, ఎట్లా పైనుంచి కిందికి మెరుగు పెట్టాడో అట్లాగే పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చాడు. పెచ్చులు అరుగుల మీద పడేవి. ఒక్కోదానికి ఒక పక్క గరుకు, ఒక పక్క మెరుపు. మా అమ్మ వాటిని గంపకెత్తి బయట పోసింది. ఆ మూడు రోజులూ ఆమె ఒక్క ఎకసెక్కం కూడా ఆడలేదు. నేను కాలేజీకి పోతున్నానని చెప్పి బస్టాండులో కూర్చున్నాను.

గరుకు గోడ కూడా ఆయననే చేయమంది ఆ అమ్మాయి. ఆయన మీద గౌరవంతోనే అడిగింది. ఇంకో మేస్త్రీ వద్దనుకుంది. ఎట్లా కావాలో చూపించడానికి తానే చేయి సున్నంలో ముంచి గోడ మీద వదులుగా తిప్పింది. "ఇష్టే, ఇంతే. పిల్లలు ఆడినట్టు."

ఆయన తలూపి మొదలుపెట్టాడు. నేను చూస్తున్నాను. సున్నం గోడకు కొట్టాడు, అరచేత్తో తిప్పాడు. గుంట పడింది. ఒక్క నిమిషం చేయి పక్కకు పెట్టుకుని నిలబడ్డాడు. అంతలో ఆ చేయి దానంతట అదే లేచి గుంటను పూడ్చేసింది. ఆయన చూసుకుని మళ్ళీ గుంట చేశాడు. మళ్ళీ పూడ్చేశాడు. మధ్యాహ్నానికి మనిషి ఎత్తు మేర గోడ అయింది. అది మెరవడం లేదు గానీ చదునుగా ఉంది. మట్టం పెట్టకుండానే మట్టంగా ఉంది.

"ఇంకా నీట్‌గా ఉంది మేస్త్రీ" అంది ఆమె, తప్పు తనదైనట్టు.

"అవును మేడం. వంకర పోమంటే పోవడంలేదు చెయ్యి." ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "యాభై ఏండ్లొచ్చినాయి. దానికి ఇంకోటి నేర్పలేకుండా ఉండా."

సాయంత్రం తొట్టి దగ్గర కూర్చుని తాపీ, చెక్క, రాయి ఒక్కొక్కటే కడిగాడు. రాయిని చీరముక్కలో చుట్టి గోనెసంచి అడుగున పెట్టాడు. మర్నాటి నుంచి పోలేదు. సిమెంటు పనివాళ్ళు నాలుగు రోజుల్లో గోడలు పూసి, ఒకరి మీద ఒకరు పందెం వేసుకుంటూ అరచేతులు నొక్కి, పైన తెల్లరంగు కొట్టారట. నేను ఆ పక్కనుంచి బస్సులో వెళ్ళేటప్పుడు తల అటు తిప్పేదాన్ని కాదు.

హోటలు తెరిచాక ఒకేసారి లోపలికి వెళ్ళాను, డిగ్రీ స్నేహితురాళ్ళతో, తప్పించుకోలేక. బెంగుళూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం గోడల పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటోంది. చాలా బాగుంది ఆ హాలు. అది ఒప్పుకోవాలి. వెలుతురు మెత్తగా ఉంది. నీలం తలుపులు, కూజాలు, గ్రానైటు బల్లలు, అన్నీ ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నాయి. నాకు తెచ్చిపెట్టిన పెరుగులో దోసకాయ ముక్కలు ఉన్నాయి. చెంచాతో వాటిని ఒక పక్కకు నెడుతూ కూర్చున్నాను. స్నేహితురాలు "నీకు ఉప్పు సరిపోలేదా?" అంది. సరిపోలేదన్నాను.

మా నాయన ఆ తర్వాత సున్నం ముట్టలేదు. ఎవరో ఒకరిద్దరు అడిగారు. పాత మండపానికి పైపూత కావాలని వాల్మీకిపురం నుంచి కూడా వచ్చారు. "నా చెయ్యి పోయిందప్పా, ఇంకెవుర్నన్నా సూసుకోండి" అని పంపించేశాడు. లోపల నుంచి నేను విన్నాను. చెయ్యి పోలేదు. అది నాకొక్కదానికే తెలుసు. బయటికి వచ్చి "నాయినా, తప్పు నీ చేతిది కాదు" అని ఒక్క మాట అంటే చాలు. వాళ్ళు ఇంకా గడప దిగలేదు. నేను పుస్తకంలో చూపుడువేలు పెట్టుకుని, అదే పేజీలో, వాళ్ళ చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా కూర్చున్నాను.

కొన్నాళ్ళకు ఆయన కుప్పంలో గ్రానైటు పాలిష్ చేసే చోట కాపలా పనికి కుదిరాడు. నాకూ అక్కడే ఒక స్కూల్లో ఉద్యోగం దొరికింది. ముగ్గురం కుప్పం చేరాం. అక్కడ మెరుగు పెట్టేవి యంత్రాలు. ఒక పక్క రాయి పెడితే ఇంకో పక్కకు అద్దమై వచ్చేది. ఆయన గేటు దగ్గర కుర్చీలో వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. "లోపల మిషన్లు సూడు, ఎట్ల మెరుపిస్తాండాయో" అని అక్కడివాళ్ళెవరో అంటే "సూసినాలే అప్పా" అనేవాడట. మా అమ్మ చెప్పింది. ఇంట్లో గోడకు పగులు వస్తే మేస్త్రీని పిలిపించాం. మా నాయన ఇంట్లో ఉండగానే. వచ్చిన మేస్త్రీ పూస్తున్నంతసేపూ ఆయన బయట నిలబడ్డాడు.

ఆ ఏళ్ళలో నేను డైరీ చాలా రాశాను. స్కూలు గురించి, చదివిన పుస్తకాల గురించి. ఎన్నిసార్లో ఆ నాలుగు వాక్యాలు రాయబోయి పేజీ తిప్పేశాను. రాస్తే మా నాయనకు చెప్పక తప్పదనిపించేది. చెబితే ఆయనకు తన చెయ్యి తిరిగి వచ్చేది, ఆయన నమ్మిన కూతురు పోయేది. రెండింటిలో నేను ఏది ఎంచుకున్నానో, దాన్నే ఏళ్ళ తరబడి రోజూ ఎంచుకుంటూనే ఉన్నాను.

రెండువేల పది రాకముందే ఆయనకు ఊపిరి అందడం కష్టమైంది. అంతకుముందు వేసవి నుంచే దగ్గు ఉండేది, మాకు చెప్పలేదు. కుప్పం ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నాడు. పన్నెండో రోజు తెల్లవారేసరికి లేడు. అంతకు ముందురోజు మధ్యాహ్నం మా అమ్మ గుడ్డలు ఉతకడానికి ఇంటికి వెళ్ళింది. వార్డులో ఫ్యాను తిరుగుతోంది. పక్క మంచం మనిషి నిద్రపోతున్నాడు. ఆయన మెలకువగా ఉన్నాడు, మగతలో లేడు. ఇంతకంటే మంచి సమయం ఇక రాదని నాకు తెలుసు. స్టూలు లేకపోతే మంచం పక్కన నిలబడ్డాను. వెనక్కి గోడకు జారగిలబడ్డాను. కొత్తగా వెల్ల వేసిన గోడ అది.

"నాయినా, ఆ హోటలు కాగితం…" అన్నాను.

ఆయన చూపు నా ముఖం మీదికి వచ్చింది. అక్కడ కొంచెంసేపు ఆగింది. తర్వాత నా భుజం మీదికి, భుజం వెనక గోడ మీదికి పోయింది. చేయి దుప్పటి మీద ఒక జానెడు లేచింది.

"గోడకు ఆనుకోవద్దు మా," అన్నాడు, "సున్నం అంటుకుంటాది."